కమిషనర్‌తో నెలకోసారి మీటింగు అంటున్నారు, వెళ్ళాలా వద్దా?

మెయిన్‌రోడ్డు మేస్త్రి:
మాది కోస్తాలో ఒక మున్సిపాలిటీ, పేరు వద్దులెండి. శానిటేషన్‌లో మేస్త్రిని, ఆప్కాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్) ఉద్యోగిని, యూనియన్ కమిటీలో కూడా ఉన్నాను. కొత్తగా వచ్చిన కమిషనర్ గారు మొన్న మూడు యూనియన్ల వాళ్ళనీ ఛాంబర్‌కి పిలిచి, ఇకనుంచి ప్రతి నెలా కూర్చుందాం, ఏదున్నా అక్కడ మాట్లాడుకుందాం, ధర్నాకి దిగే ముందు ఒక మాట నాతో చెప్పండి అన్నారు. కుర్చీలు వేయించి కూర్చోబెట్టి మాట్లాడారు, మాకు ఆ ఛాంబర్‌లో నిలబడే అలవాటు. బయటికి రాగానే మాలో మాకే గొడవ. ఒకాయన ఇది మనల్ని మెత్తబరిచే ఎత్తు అంటాడు, ఇంకో యూనియన్ ఆయన అధికార పార్టీ మనిషి, ఆయన ఎగిరి గంతేసి సరే అన్నాడు కాబట్టి మిగతావాళ్ళకి ఇంకా అనుమానం. ఇలాంటి కమిటీల్లో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా ఏమైనా ఒరిగిందా లేక టీ తాగి వచ్చారా?

ఎర్రజెండా ఎంకన్న:
టీ తాగి వచ్చారు. అంతే. 2022 జూలైలో గానీ, 2023 డిసెంబర్ 26న గానీ రోడ్డెక్కకపోతే మీ ఆరోగ్య భత్యం ఏమయ్యేదో ఒక్కసారి గుర్తు తెచ్చుకో మేస్త్రీ. జీతం 15 వేలు చేశాం కదా అని ఆ 6 వేల భత్యానికి కోత పెట్టబోతే, 2022లో చీపురు కింద పెట్టాకే 21 వేలు నిలబడింది. ఏ కమిషనర్ ఛాంబర్లో సాధించారు అది? సంక్రాంతి ముందు ఊళ్ళన్నీ కంపు కొడితే తప్ప మంత్రుల కమిటీ మనతో బల్ల దగ్గర కూర్చోలేదు.

రిటైర్డ్ యూడీసీ:
ఎంకన్న గారు చెప్పింది నిజమే, కానీ మేస్త్రి అడిగింది వేరు. 21 వేలు అనేది కమిషనర్ చేతిలో ఎప్పుడూ లేదు, ఉండదు కూడా. అది సెక్రటేరియట్ వ్యవహారం, అక్కడ సమ్మె తప్ప ఇంకోటి వినపడదు. నేను ముప్ఫయ్యేళ్ళకు పైగా మున్సిపల్ ఆఫీసుల్లో గుమాస్తాగిరీ చేశాను, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లోనే ఎక్కువ కాలం. కార్మికుడి కడుపు మండేది సగం జీతం మీద, మిగతా సగం పూర్తిగా ఆ ఊరి ఆఫీసులో తేలాల్సిన వాటి మీద. సబ్బులు, కొబ్బరినూనె ఆర్నెల్లుగా రాలేదు. యూనిఫాం బట్ట ఇచ్చారు, కుట్టుకూలి ఇవ్వలేదు. వారం సెలవు రాసి ఉంటుంది, మనిషి లేడని రానివ్వరు. తోపుడు బండికి చక్రం ఊడితే మేస్త్రి జేబులోంచి వెల్డింగు. వీటికి జీవో అక్కర్లేదు, రాజధానికి వెళ్ళక్కర్లేదు, కమిషనరూ అకౌంటెంటూ శానిటరీ ఇన్‌స్పెక్టరూ ఒక గదిలో ఒక గంట కూర్చుంటే తేలిపోతాయి. కూర్చోరు, అదే జబ్బు. ఫైలు ఇన్‌స్పెక్టర్ దగ్గర ఉందని అకౌంటెంట్, అకౌంటెంట్ దగ్గర ఉందని ఇన్‌స్పెక్టర్. ముగ్గురినీ ఒకేసారి ఎదురుగా కూర్చోబెట్టడమే ఆ మీటింగు వల్ల లాభం.

మెయిన్‌రోడ్డు మేస్త్రి:
యూడీసీ గారూ మా ఆఫీసులో పనిచేసి వెళ్ళారా ఏంటి, కుట్టుకూలి సంగతి అచ్చంగా మాదే.

లా పుస్తకం:
చట్టం వైపు నుంచి కొంచెం. మున్సిపాలిటీకీ కార్మికులకీ మధ్య తగాదా పారిశ్రామిక వివాదం కిందికి వస్తుందని 1950ల మొదట్లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, బెంగాల్‌లో బజ్ బజ్ మున్సిపాలిటీ కేసు, అందులోనూ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నీ హెడ్ క్లర్క్‌నీ తీసేసిన గొడవే. తర్వాత 1960లో నాగపూర్ కార్పొరేషన్ కేసు, 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసు, వాటిలోనూ అదే దారి. కాబట్టి మాది ప్రభుత్వ ఆఫీసు, మీతో చర్చలు మా దయ అనే మాట ఎవరన్నా అంటే నమ్మొద్దు.

ఇక నెలవారీ కమిటీ అంటే ఏదో కొత్తగా కనిపెట్టింది కాదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే 3వ సెక్షన్ వర్క్స్ కమిటీ గురించి, వంద మంది, ఆ పైన కార్మికులు ఉన్నచోట రెండు వైపులా సభ్యులతో. యజమాని వైపు మనుషులు కార్మికుల వైపు కన్నా ఎక్కువ ఉండకూడదు. కాకపోతే ప్రభుత్వం ఆర్డర్ ఇస్తేనే అది పెట్టాలి, అందుకే మున్సిపాలిటీల్లో ఎక్కడోగానీ కనపడదు. ఇప్పుడు ఆ చట్టం పోయి 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, అందులోనూ వర్క్స్ కమిటీ ఉంది, దాంతోపాటు ఇరవై మంది, ఆ పైన ఉంటే ఫిర్యాదుల పరిష్కార కమిటీ తప్పనిసరి, గరిష్ఠంగా పది మంది, రెండు వైపులా సమానం, ఆడవాళ్ళ సంఖ్యని బట్టి వాళ్ళకి చోటు. మీ కమిషనర్‌ని అడగండి, అయ్యా మీరు పెడతానన్నది ఏ సెక్షన్ కింద అని. ఏ సెక్షనూ లేకుండా ఆయన మంచితనం మీద నడిచేదైతే ఆయన ట్రాన్స్‌ఫర్ అయిన రోజున అదీ ట్రాన్స్‌ఫర్ అవుతుంది.

పన్ను కట్టేవాణ్ణి:
ఒక సామాన్యుడి డౌటు. ఇద్దరూ కూర్చుని రాజీపడితే మధ్యలో నష్టపోయేది ఊరు కాదా? మా వీధిలో కాల్వ తీసి పూడిక గట్టు మీదే వదిలేస్తారు, వాన పడితే మళ్ళీ కాల్వలోకే. అడిగితే ట్రాక్టర్ రాలేదంటారు. యూనియన్, ఆఫీసు కుమ్మక్కైతే అడిగే నాథుడు ఉండడు.

రిటైర్డ్ యూడీసీ:
ట్రాక్టర్ రాలేదు అన్నది అబద్ధం కాదు సార్. పూడిక తీసేది శానిటేషన్ మనుషులు, ట్రాక్టర్ ఇంజనీరింగ్ సెక్షన్ చేతిలో, డీజిల్ ఇండెంట్ (కావాలని పెట్టే కాగితం) మీద ఇంకొకరి సంతకం. పొద్దున ఐదింటికి కాల్వలో దిగినవాడికి పదింటికి ట్రాక్టర్ వస్తుందో రాదో తెలియదు. ఇలాంటిది కమిటీలో పెడితే బాగుపడేది మీ వీధే. కుమ్మక్కు భయం ఉంటే మినిట్స్ నోటీసు బోర్డు మీద అంటించమనండి.

ఓరుగల్లు పిల్ల:
మా అమ్మ మున్సిపాలిటీలో స్వీపర్, అందుకే రాస్తున్నా. ఈ చర్చల్లో కూర్చునేటోళ్ళు అందరూ మగోళ్ళే, ఊడ్చేటోళ్ళల్ల ఎక్కువ ఆడోళ్ళు. మస్తర్ పాయింట్ కాడ చీకట్ల ఐదుకు నిలబడి హాజరు వేయించుకోవాలె, యాప్‌ల ముఖం పడకపోతే మళ్ళ వెనక నుంచి లైన్. అక్కడ బాత్రూమ్ ఉండదు. అమ్మ పొద్దున నీళ్ళు తాగకుండా పోతది, ఎండకాలం కూడ. ఎన్ని సమ్మెలు అయినయి, 2015ల హైదరాబాద్‌ల జీహెచ్‌ఎంసీ వాళ్ళు ఆపితే 8,500 నుంచి 12,500 చేసిన్రు, మా దిక్కు కూడ జీతాలు కొంచెం పెరిగినయి, కానీ ఏ డిమాండ్ కాగితంల బాత్రూమ్ అన్న ముచ్చట రాలే. ఎందుకంటే కాగితం రాసేటోనికి ఆ అవసరం లేదు.

ఎర్రజెండా ఎంకన్న:
చెల్లెమ్మా, నువ్వు చెప్పింది న్యాయం. కానీ డిమాండ్లలో పీపీఈ కిట్లు, సెలవులు అన్నీ పెడతాం. చర్చల టైమ్‌కి డబ్బు అంశం ముందుకొచ్చి మిగతావి పరిశీలిస్తాం అనే మాటలో కొట్టుకుపోతాయి. పరిశీలిస్తాం అన్నారంటే చేయరని అర్థం, మనందరికీ తెలుసు.

ఓరుగల్లు పిల్ల:
అదే కదన్నా, డబ్బుల కాడ కొట్టుకుపోయేటివి వేరే ఇంకో బల్ల మీద పెట్టాలె. ఆ బల్ల నెలనెలా ఉంటె ఎందుకు వద్దు?

మాజీ కౌన్సిలర్:
నేను ఐదేళ్ళు కౌన్సిల్లో ఉన్నాను, అధికారపక్షంలోనే. అవతలి వైపు నుంచి చెప్తాను, తిట్టకండి. మా కమిషనర్ ఒకాయన ఇలాంటిదే నడిపాడు. మొదటి నెలల్లో మంచి పని జరిగింది. గ్లవ్స్ సంగతి చెప్తాను. ఏటా టెండర్ పిలిచి ఒకే రకం మందపాటి రబ్బరు గ్లవ్స్ కొనేవాళ్ళం, కార్మికులు వేసుకోవట్లేదని మేం తిట్టేవాళ్ళం, వీళ్ళకి భద్రత మీద శ్రద్ధ లేదని కౌన్సిల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చాం. కమిటీలో ఒకామె ఆ గ్లవ్స్ వేసుకుని చీపురు పట్టి చూపించింది, చీపురు జారిపోతోంది, పిడికిలి మూసుకోవట్లేదు. సైజు కూడా మగవాళ్ళది. అప్పుడు ఊడ్చేవాళ్ళకి పలచటి బట్ట గ్లవ్స్, కాల్వలో దిగేవాళ్ళకి మోచేతి దాకా వచ్చే రబ్బరువి అని విడగొట్టి కొన్నాం. ఖర్చు పెద్దగా పెరగలేదు, స్టోర్‌లో మూలన పడి పాడయ్యేవి తగ్గాయి.

తర్వాత ఏమైందంటే, యూనియన్ లీడర్లు కమిటీలో కూర్చోవడం ఒక హోదా అయిపోయింది. ఒకాయన తన బావమరిదికి మేస్త్రి పోస్టు అడిగాడు, వచ్చింది కూడా. ఆ రోజు నుంచి ఆయన మీటింగ్‌లో నోరు విప్పలేదు. కార్మికులు మాత్రం చూస్తూనే ఉంటారు కదా, ఇంకో యూనియన్‌కి వెళ్ళిపోయారు. అంటే కమిటీ తప్పు కాదు, పంపే మనిషిని మార్చే హక్కు కింద వాళ్ళకి లేకపోవడం తప్పు.

మెయిన్‌రోడ్డు మేస్త్రి:
బావమరిది సంగతి చదివి నవ్వొచ్చింది, మా దగ్గర తమ్ముడు. మా కార్మికులు అడిగేది కూడా ఇదే, నువ్వు లోపలికెళ్ళి మెత్తబడవని గ్యారంటీ ఏంటి అని. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

బర్మింగ్‌హామ్ బాబాయ్:
ఇక్కడ ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఉద్యోగిని, యూనిసన్ అనే యూనియన్‌లో సభ్యుణ్ణి కూడా. ఇక్కడి పద్ధతి చెప్తే పనికొస్తుందేమో. స్థానిక సంస్థల జీతాలు ఊరికో రకంగా తేల్చుకోవడం కాకుండా దేశవ్యాప్తంగా నేషనల్ జాయింట్ కౌన్సిల్ అని ఒకటుంది, యజమానుల వైపు ప్రతినిధులు, ఇటు యూనిసన్, జీఎంబీ, యునైట్ అనే మూడు యూనియన్లు. దాదాపు 14 లక్షల మంది జీతం అక్కడ తేలుతుంది. డ్యూటీ టైమింగ్స్, రోస్టర్, భద్రత లాంటివి ఏ కౌన్సిల్‌కి ఆ కౌన్సిల్‌లో యూనియన్‌తో మాట్లాడుకుంటారు. అంటే యూడీసీ గారు, ఓరుగల్లు అమ్మాయి చెప్పిన రెండు బల్లలు ఇక్కడ కాగితం మీదే వేరువేరుగా ఉన్నాయి. యూనియన్ ప్రతినిధికి ఆ పని కోసం జీతం కోత లేకుండా టైమ్ ఇవ్వాలని చట్టమే చెప్తుంది, 1992 చట్టం.

అలాగని ఇక్కడ స్వర్గం ఏమీ కాదు. మా ఊళ్ళోనే 2025 మార్చి 11 నుంచి చెత్త లారీల వాళ్ళు పూర్తి సమ్మెకి దిగారు, యునైట్ వాళ్ళు. మార్చి 31న కౌన్సిల్ అత్యవసర స్థితి లాంటిది ప్రకటించింది. వీధుల్లో సంచుల గుట్టలు, ఎలుకలు, ప్రపంచమంతా వార్త అయింది. గొడవ ఎక్కడ మొదలైందంటే, లారీ వెనక పనిచేసేవాళ్ళలో ఒక గ్రేడ్ పోస్టు తీసేయాలని కౌన్సిల్ నిర్ణయం. ఎందుకు తీసేయాలంటే సమాన వేతనం కేసులు. ఆడవాళ్ళు ఎక్కువగా చేసే పనులకి తక్కువ, మగవాళ్ళు చేసే చెత్త పనికి ఎక్కువ ఇచ్చారని ఏళ్ళ తరబడి కేసులు ఓడి, 2023 సెప్టెంబర్‌లో కౌన్సిల్ డబ్బు లేదని చేతులెత్తేసింది. కమిటీలూ, యూనియన్లూ, చట్టమూ అన్నీ ఉన్నా, పాత బాకీని ఎవరూ తేల్చకుండా పక్కన పెట్టుకుంటూ పోతే ఏ బల్లా ఆపలేదు.

ఎర్రజెండా ఎంకన్న:
బాబాయ్, జీతం కోత లేకుండా టైమ్ ఇస్తారా? మా దగ్గర మీటింగ్‌కి వెళ్ళిన రోజు యాప్‌లో సాయంత్రం హాజరు పడకపోతే సగం రోజు పోతుంది. మేస్త్రీ, ఇది రాసుకో.

లా పుస్తకం:
ఎంకన్న గారు ఇప్పుడు దారిలోకి వచ్చారు :)
ఇంకో ముఖ్యమైన విషయం. ఆప్కాస్ వాళ్ళకి యజమాని ఎవరు? 2020 జూలైలో కాంట్రాక్టర్లని తప్పించి ఈ కార్పొరేషన్ మొదలుపెట్టారు, దళారీ కమీషన్ పోయింది, జీతం నేరుగా అకౌంట్‌లో పడుతోంది, అది మంచిదే. కానీ కాగితం మీద మీ ఉద్యోగం ఆప్కాస్‌లో, పని చేయించేది మున్సిపాలిటీ. పీఎఫ్ తేడా గురించి కమిషనర్‌ని అడిగితే ఆప్కాస్‌ని అడగమంటారు, ఆప్కాస్‌లో మీకు మొహం తెలిసిన మనిషే ఉండడు. కాబట్టి మీ నెలవారీ కమిటీలో ఆప్కాస్ తరఫున జిల్లా నుంచి ఒకరు కనీసం మూడు నెలలకోసారి రావాలని అడగండి. సంతకం పెట్టగలిగినవాడు గదిలో లేకపోతే గదిలో మాట్లాడింది కబుర్లే.

ఒప్పందం రాసుకునేటప్పుడు ఇంకోటి చూడండి. మామూలుగా ఛాంబర్లో రాసుకున్న మినిట్స్ వేరు, లేబర్ ఆఫీసర్ ఎదుట కన్సీలియేషన్‌లో, అంటే రాజీ చర్చల్లో, కుదిరిన సెటిల్‌మెంట్ వేరు. పాత చట్టంలోని సెక్షన్ నంబరుతో మనవాళ్ళు 12(3) అని పిలిచేవాళ్ళే అది. విడిగా కుదుర్చుకున్నది సంతకం పెట్టినవాళ్ళకే వర్తిస్తుంది, కన్సీలియేషన్‌లో కుదిరింది యూనియన్‌లో లేనివాళ్ళతో సహా అక్కడి కార్మికులందరికీ వర్తిస్తుంది, ఉల్లంఘిస్తే శిక్ష ఉంటుంది. సబ్బులకీ చక్రాలకీ ఛాంబర్ మినిట్స్ చాలు. వారం సెలవు, డ్యూటీ గంటలు లాంటివి మాత్రం లేబర్ ఆఫీసర్ దగ్గర పెట్టించుకోండి, కమిషనర్ మారినా కాగితం మారదు.

పన్ను కట్టేవాణ్ణి:
మరి సమ్మె హక్కు వదులుకోమంటారా ఈ కమిటీ పేరుతో? కమిషనర్ ధర్నాకి ముందు నాకు చెప్పండి అన్నారు కదా.

లా పుస్తకం:
చెప్పడం వేరు, వదులుకోవడం వేరు. పారిశుద్ధ్యం ప్రజా వినియోగ సేవ కాబట్టి పాత చట్టంలో కూడా నోటీసు లేకుండా సమ్మెకి వెళ్ళకూడదు, ఇప్పటి కోడ్‌లో అయితే ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల ముందు నోటీసు. కన్సీలియేషన్ నడుస్తున్నప్పుడు, అయిపోయాక ఏడు రోజుల దాకా కుదరదు. ఇదే చాలా బిగించారు. దీనిపైన ఇంకో హామీ రాసివ్వక్కర్లేదు. ఎవరైనా కమిటీ నడిచినంతకాలం ఆందోళన చేయం అనే వాక్యం మినిట్స్‌లో దూర్చితే అక్కడ పెన్ను మూసేయండి.

పూణే ఎక్స్‌ప్రెస్:
నేను పూణేలో ఉంటాను. ఇక్కడి సంగతి కొంచెం వేరు, అసలు ఉద్యోగులే కానివాళ్ళది. చెత్త ఏరుకునేవాళ్ళు 1993లో కాగద్ కాచ్ పత్ర కష్టకరి పంచాయత్ అని యూనియన్ పెట్టుకున్నారు, ఎక్కువమంది దళిత మహిళలు. ముందు వాళ్ళు అడిగింది గుర్తింపు కార్డు, పోలీసులు దొంగలని పట్టుకోకుండా. తర్వాత ఆ యూనియన్ సభ్యులే స్వచ్ఛ్ అనే సహకార సంఘంగా ఏర్పడి 2008లో కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త సేకరణ మొదలుపెట్టారు. ఇంటివాళ్ళు నెలకింత ఇస్తారు, సామాన్లు కార్పొరేషన్ ఇవ్వాలి. ఒప్పందం గడువు ముగిసినప్పుడల్లా పెద్ద కంపెనీకి ఇచ్చేద్దామని కౌన్సిలర్లు లేస్తారు, వీళ్ళు మళ్ళీ రోడ్డెక్కుతారు, మళ్ళీ ఒప్పందం. కలిసి పనిచేయడం, కొట్లాడటం రెండూ ఒకేసారి నడుస్తున్నాయి ఇక్కడ. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే ఆంటీ మోర్చా ఉన్న రోజు ముందే చెప్తుంది, రేపు రాను, చెత్త ఎల్లుండి పెట్టండి అని.

ఎర్రజెండా ఎంకన్న:
ఇది బాగుంది. బొంబాయిలో కూడా కచరా వాహతూక్ శ్రామిక్ సంఘ్ వాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి 2017లో 2,700 మందిని పర్మనెంట్ చేయించుకున్నారు. కోర్టు కేసు ఒక పక్క, రోజువారీ చర్చ ఒక పక్క. నేను వెళ్ళొద్దు అనట్లేదు మేస్త్రీ. చేతులు కట్టుకుని వెళ్ళొద్దు అంటున్నా. మూడు యూనియన్లూ విడివిడిగా కాగితాలు పట్టుకుని వెళ్తే కమిషనర్‌కి అంతకన్నా పండగ ఉండదు. ముందు మీ ముగ్గురూ ఆ టీ కొట్టు దగ్గర ఒక్క లిస్టు రాసుకోండి. కొత్త కోడ్‌లో 51 శాతం కార్మికులున్న యూనియన్‌తోనే మాట్లాడతాం అనే దారి ఉంది, అలాంటిది లేకపోతే 20 శాతం చొప్పున ఉన్న యూనియన్లతో చర్చల కౌన్సిల్. మీలో ఎవరికీ 51 లేదంటే కలిసి ఉండటమే మీకు దిక్కు.

మాజీ కౌన్సిలర్:
ఇంకొక చిట్కా. అకౌంటెంట్‌ని తప్పకుండా పిలిపించండి. కమిషనర్ సరే అంటాడు, ఇన్‌స్పెక్టర్ సరే అంటాడు, నెల తిరిగాక హెడ్ ఆఫ్ అకౌంట్‌లో, అంటే బడ్జెట్ పద్దులో, డబ్బు లేదని తెలుస్తుంది. బడ్జెట్ తయారయ్యే నెలల్లో, అంటే డిసెంబర్, జనవరి ప్రాంతంలో, మీ లిస్టు కౌన్సిల్‌కి వెళ్ళకపోతే ఏడాదంతా మీటింగులు పెట్టినా ఇండెంట్ కదలదు. మాకు ఈ సంగతి యూనియన్ వాళ్ళు ఎప్పుడూ చెప్పలేదు, మేమూ వాళ్ళకి చెప్పలేదు.

మెయిన్‌రోడ్డు మేస్త్రి:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం, గొడవ పడ్డాం, చివరికి ఒక కాగితం అయింది. ఇదీ పాఠం, తప్పులుంటే చెప్పండి.

"కమిషనర్ గారికి. నెలవారీ సమావేశానికి మూడు యూనియన్లు ఉమ్మడిగా హాజరవుతాయి. మా వైపు ఆరుగురు, అందులో ముగ్గురు మహిళలు, వాళ్ళని మస్తర్ల వారీగా కార్మికులే ఎన్నుకుంటారు, ఆర్నెల్లకోసారి మారుస్తారు. సమావేశం ఉన్న రోజు హాజరు డ్యూటీగా లెక్కించాలి. అకౌంటెంట్, శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఇంజనీరింగ్ నుంచి ఒకరు తప్పక ఉండాలి. ఆప్కాస్ ప్రతినిధి మూడు నెలలకోసారి. మినిట్స్ మూడు రోజుల్లో అన్ని మస్తర్ పాయింట్లలో అంటించాలి, ఏ పని ఎవరు ఏ తేదీకి చేస్తారో పేరుతో సహా. జీతాలు, పర్మనెంట్ విషయాలు రాష్ట్ర స్థాయిలో మా జేఏసీ చూసుకుంటుంది, వాటి మీద మా ఆందోళన హక్కుకి ఈ సమావేశంతో సంబంధం లేదు."

మొదటి నెల ఎజెండా: కుట్టుకూలి, బండి చక్రాలు, వారం సెలవు, పూడికకి ట్రాక్టర్ టైమ్.

ఓరుగల్లు పిల్ల:
అన్నా, మళ్ళ మర్చిపోయిన్రు.

మెయిన్‌రోడ్డు మేస్త్రి:
లేదమ్మా, టైపింగ్‌లో పోయింది, కాగితంలో ఉంది. మస్తర్ల దగ్గర బాత్రూమ్, నీళ్ళతో సహా. మా ఆడవాళ్ళు అది ఒకటో నంబర్ వేయించారు, కుట్టుకూలి రెండుకి దిగింది.

రిటైర్డ్ యూడీసీ:
కట్టించమని అడిగితే ఎస్టిమేట్, టెక్నికల్ శాంక్షన్, టెండర్ అని ఏడాది పడుతుంది. మస్తర్ పాయింట్ పక్కన వార్డు సచివాలయం గానీ స్కూలు గానీ ఉందేమో చూడండి, పొద్దున నాలుగున్నరకి దాని బాత్రూమ్ తాళం తీయించే ఉత్తర్వు కమిషనర్ ఒక్క సంతకంతో ఇవ్వగలరు. కట్టడం రెండో వాక్యంగా రాయండి. తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయండి, లేకపోతే అది ఇంకో పంచాయితీ.